నార్‌క్రాస్‌లో గూడ్సు బండి

అమ్మ అట్లాంటా వచ్చి నెలైంది. "మాల్స్ చాల్రా, మన ఊరి స్టేషన్‌లాంటిది ఏమైనా ఉంటే చూపించు" అంది. శనివారం నార్‌క్రాస్ తీసుకెళ్లాను. సిటీ నుంచి 20 మైళ్లు.

1870లో ఇటువైపు రైలు మార్గం వస్తోందని తెలిసి జాన్ థ్రాషర్ అనే ఆయన పట్టాల పక్కన స్థలం కొని ఊరు కట్టాడు. పేరు మాత్రం తనది కాదు, అట్లాంటాకి మేయరుగా చేసిన స్నేహితుడు జోనథన్ నార్‌క్రాస్‌ది పెట్టాడు. మనవాళ్లైతే ముందు తాతగారి పేరు పెట్టేవాళ్లు!

పాత డిపో రెస్టారెంటుగా మారింది. పట్టాలకు ఎదురుగా ఇటుక గోడల చిన్న చిన్న షాపులు. ఇంత చిన్న ఊరి అడ్రసుతోనే వాఫుల్ హౌస్ అనే పెద్ద రెస్టారెంట్ చెయిన్ హెడ్డాఫీసు ఉంది. కంప్యూటర్లని ఫోన్ లైన్ మీద కలపడానికి ఒకప్పుడు ప్రపంచమంతా వాడిన హేస్ మోడెమ్‌ల కంపెనీదీ అప్పట్లో ఈ ఊరి అడ్రసే, ఇప్పుడా కంపెనీ లేదు. పట్టాల తర్వాత హైవే కూడా పక్కనుంచే పోయింది మరి.

కాఫీ తాగుతుంటే గూడ్సు వచ్చింది. టేబుల్ మీద కప్పు సాసర్‌లో టకటకలాడింది. అమ్మ వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలెట్టి, ఎనభై దాటాక లెక్క తప్పింది.

"ఇంకోటి ఎప్పుడొస్తుంది?" అని వెయిట్రెస్‌ని అడగమంది.