ఉల్లి వేరుకొనలో తప్పిన విభజనను పిల్లకణాల దాకా చూసిన నా అనుభవం

కణ విభజన తప్పిందని చలన దశలో, అంటే క్రోమోజోములు రెండు వైపులకు విడిపోయేటప్పుడు, తెలిసిపోతుంది. ఆ తప్పు పిల్లకణాల్లో ఏమైందో పట్టుకోవడమే కష్టం. నేను ఉల్లి వేర్లు ఎంచుకున్నాను. క్రోమోజోములు 16 మాత్రమే, పైగా పెద్దవి.

వేర్లు 1-2 సెం.మీ. రాగానే వాటిని 0.05 శాతం కాల్చిసిన్ ద్రావణంలో 4 గంటలు ముంచాను. ఇది విషం, గ్లవ్స్ లేకుండా ముట్టకూడదు. ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని, క్రోమోజోములను రెండు వైపులకు లాగే కండె పోగులను కట్టనివ్వదు. వెంటనే కోసిన వేర్లలో పిల్లకణాలు దాదాపు లేవు, విభజన క్రోమోజోములు విడిపోకముందు ఉండే మధ్యస్థ దశలోనే ఆగిపోయింది. అందుకే రెండో విడత వేర్లను బాగా కడిగి మరో 24 గంటలు మంచినీళ్లలో ఉంచాను. మందు తగలని గడ్డ ఒకటి పక్కన ఉండాల్సిందే, లేకపోతే దేనితో పోల్చేది?

తర్వాత 3 పాళ్ల ఇథనాల్‌కు 1 పాలు గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్ కలిపి అందులో 24 గంటలు. ఆపైన 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో 5 నిమిషాలు. కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ ఇక్కడే వదులవుతుంది. ఎక్కువసేపు ఉంచితే కొన చిదికిపోతుంది. చివరి 1-2 మి.మీ. మాత్రమే తీసుకుని అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నిలువుగా నొక్కాలి. పక్కకి జారిందా, కేంద్రకాలన్నీ ఒకే దిక్కుకు సాగి వంతెనల్లా కనిపిస్తాయి. అసలు వంతెన, అంటే రెండు వైపులకూ లాగబడి మధ్యలో సాగిన క్రోమోజోము, ఉన్న కణం పక్కన మిగతావి మామూలుగానే ఉంటాయి.

40 రెట్ల ఆబ్జెక్టివ్ కింద ఒక పిల్లకణాల జంట దొరికింది. మధ్యలో పలచటి కొత్త గోడ. పై కణంలో కేంద్రకం ఒక్కటే. కింది కణంలో కేంద్రకం పక్కన, దాని వ్యాసంలో మూడో వంతు కూడా లేని నున్నటి చుక్క, అదే ఎరుపులో, అదే ఫోకస్‌లో. అదే సూక్ష్మ కేంద్రకం, అంటే వెనకబడ్డ క్రోమోజోము పెద్ద కేంద్రకంలో కలవక విడిగా కట్టుకున్న చిన్న కేంద్రకం. రంగు గడ్డలైతే అంచులు కోసుగా ఉంటాయి, ఫోకస్ మార్చితేగానీ స్పష్టంగా కనబడవు.

వెనకబడ్డ క్రోమోజోము అవతలి కణంలోకి పోతే ఒకదానికి 17, రెండోదానికి 15. తన కణంలోనే ఉండి విడిగా పొర కప్పుకుంటే లెక్క 16కి సరిపోతుంది. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇదే. మనిషి కణాల్లో ఈ చిన్న పొర తరచు చిరిగి లోపలి డీఎన్‌ఏ ముక్కలవుతుంది. ఆ ముక్కలు తారుమారుగా అతుక్కోవచ్చు. లెక్క సరిగ్గా ఉన్నా కణం బాగున్నట్టు కాదు.

వంతెన కథ వేరు. తెగిన కొనలు మళ్లీ అతుక్కుని తర్వాతి విభజనలో కొత్త వంతెన కడతాయి. మొక్కజొన్నలో ఈ చక్రాన్ని జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్లింటాక్ చూపించారు.

ఒక్కో కొనలో 1000 కణాలు లెక్కపెట్టాను. అసలు విడిపోకుండా 32 క్రోమోజోములూ ఒకే కేంద్రకంలో మిగిలిన కణాలు కూడా ఉంటాయి. గుండ్రంగా, నున్నగా, కాస్త పెద్దగా ఉంటాయంతే. సూక్ష్మ కేంద్రకాల కోసమే వెతికే కన్ను వీటిని దాటేస్తుంది, కాబట్టి పట్టికలో వీటికి వేరే గడి పెట్టుకోవాలి.