జరం దిగినంక

డెంగ్యూ వస్తే జరం ఎక్కువున్న రోజులకే అందరూ భయపడతారు. నాకైతే జరం దిగినంకనే ప్రాణం మీదికొచ్చింది. డెబ్బైకి దగ్గరపడ్డ వయసు, బీపీ, గుండెకు ఇదివరకే ఒక స్టెంటు. హనుమకొండ కుమార్‌పల్లిలో నేనూ నా భార్యా ఇద్దరమే ఉంటాం. కొడుకు హైదరాబాద్‌లో, బిడ్డ కరీంనగర్‌లో. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను కాబట్టి మధ్యమధ్య బండ్ల ముచ్చట వస్తుంది, ఏమనుకోవద్దు.

వినాయకులు నిమజ్జనానికి పోయే రోజులు. పొద్దున లేచేసరికి నడుము పట్టేసింది. కళ్లు అటూ ఇటూ తిప్పితే గుడ్ల వెనకాల నొప్పి. మధ్యాహ్నానికి 103. జలుబు లేదు, దగ్గు లేదు, పెయ్యంతా నొప్పులే. వీధి చివర సూదులేసే ఆయన వచ్చి, "నొప్పులకో సూదేస్త, పొద్దటికల్లా లేసి కూసుంటవు పెద్దమనిషీ" అన్నాడు. నా భార్యకు ఎందుకో మనసొప్పక బిడ్డకు ఫోన్ కలిపింది. అది అటునుంచే గట్టిగా అన్నది: "బాపూ, డెంగ్యూ కాదని తేలేదాక నొప్పుల సూది వద్దు. ఉత్త పారాసిటమాల్ ఏస్కో, నీళ్లు తాగు."

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పుల మందులు డెంగ్యూలో కడుపులో రక్తం కారే ముప్పును పెంచుతాయి. ఆస్పిరిన్ కూడా అంతే. నేనేమో స్టెంటు కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ గోళీ వేసుకునేవాణ్ని. దాన్ని సొంతంగా ఆపితే గుండెకు ముప్పు, ఆపకుంటే ఇటు ముప్పు. నా వయసువాళ్లకు జరమొస్తే రోజూ వేసుకునే గోళీలన్నీ సంచిలో తీసుకుపోయి డాక్టరు బల్ల మీద పోయడమే మేలు. మా డాక్టరమ్మ ఒక్కో పట్టీ తిప్పి చూసి, ఆస్పిరిన్ కొన్నాళ్లు ఆపించింది, బీపీ గోళీ తగ్గించింది. మొదటి అయిదు రోజుల్లో డెంగ్యూ తేలేది ఎన్‌ఎస్‌1 అనే రక్తపరీక్షలోనని అదే రాసింది. పాజిటివ్ వచ్చింది.

జరం దిగిన రోజు ఇంట్లో పండుగే. చొక్కా తడిసేలా చెమట పట్టింది, థర్మామీటర్ 98 చూపించింది. వీధిలో డీజే మోగుతుంటే మంచం మీద కూర్చుని పచ్చిపులుసుతో రెండు ముద్దలు తిన్నాను. సాయంత్రానికి కడుపులో ఒకటే నొప్పి, ఆగని వాంతులు. నీళ్లు తాగించబోయి నా చెయ్యి పట్టుకున్న నా భార్య అక్కడే ఆగింది. "ఇగో, జరం లేకపాయె, మరి చేతులు గింత సల్లగెందుకున్నయ్? ఒంటికి ఎప్పుడు పోయిండ్రు?" పొద్దున్నుంచి పోలేదు. ఆమె ఇంకో మాట మాట్లాడకుండా ఆటో పిలిచింది. నలభై ఏళ్లు ఇంజిన్ల చప్పుడు విని రోగం చెప్పిన నేను నా ఒంటి సంగతి కనిపెట్టలేదు, ఆమె చెయ్యి పట్టుకునే చెప్పింది.

డెంగ్యూలో అసలు గండం జరం తగ్గేటప్పుడే వస్తుందట, ఎక్కువగా మూడో రోజుకూ ఏడో రోజుకూ నడుమ. ఒకటి రెండు రోజులుంటుంది. సన్న రక్తనాళాల గోడలు వదులై రక్తంలోని నీరు బయటికి ఊరుతుంది, కణాలు మాత్రం లోపలే ఉంటాయి. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. అది తెలిపే అంకె పీసీవీ, అంటే రక్తంలో కణాల వంతు నూటికి ఎంతో చెప్పేది. నాకు 40 ఉన్నది 48కి పోయింది. అంటే 20 శాతం పెరిగినట్టు. ప్లేట్‌లెట్లు 38,000. ఊరిపోయిన నీటికి సెలైన్ పెట్టాలి, కానీ నా గుండెకు లెక్క తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రాత్రంతా బీపీ చూస్తూ, మూత్రం కొలుస్తూ, చుక్కల వేగం మారుస్తూనే ఉన్నారు. తర్వాత ఊరిపోయిన నీరే మళ్లీ రక్తంలోకి వస్తుంది, అప్పుడు సెలైన్ తగ్గించకపోతే అదొక చిక్కు. ఆ నర్సమ్మ డ్రిప్పు చక్రం మీద వేలు పెట్టి, గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టిన తీరు చూస్తే మా గ్యారేజీలో వాల్వు సందులు సరిచేసే పాత మేస్త్రీలు యాదికొచ్చారు.

లోపల పీసీవీ గురించి తిప్పలు పడుతుంటే, బయట మావాళ్ల నోట ప్లేట్‌లెట్ల మాట తప్ప ఇంకోటి లేదు. బామ్మర్ది అప్పటికే వాట్సాప్‌లో దాతలు కావాలని పెట్టేశాడు. రక్తం కారనప్పుడు, 10,000 పైన ఉన్నప్పుడు మామూలుగా ఎక్కించరని డాక్టరమ్మ చెప్పినా వాళ్లకు నమ్మకం కుదరలేదు. తోడల్లుడు పెద్ద గ్లాసు నిండా బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చాడు. వాసనకే కడుపు తిప్పింది. నా వాటా కిటికీ అవతల కానుగ చెట్టుకు పోయింది. దానికి ప్లేట్‌లెట్లు బాగానే పెరిగి ఉంటాయి.

ఇంటికొచ్చాక అంకెలు తొందరగానే సర్దుకున్నాయి, మనిషినే సర్దుకోలేదు. ఈ నీరసం గురించి ముందుగా ఎవరూ చెప్పరు. స్నానం చేసొస్తే మళ్లీ పడుకోవాలి. మంచం దిగుతూనే కళ్లు తిరిగేవి. లేచి నిలబడగానే బీపీ తగ్గడం వల్ల అలా అవుతుంది. అందుకని ముందు మంచం అంచున కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు లేవమన్నారు. పెద్ద వయసులో కొన్ని రోజులు మంచాన పడితేనే తొడల కండ కరిగిపోతుంది. లుంగీ కట్టుకుంటుంటే చూశాను, అవి నా కాళ్లలాగే లేవు. ఫిజియోథెరపిస్టు చెప్పింది చిన్న పని: గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. చెప్పినంత తేలిక కాదు. మొదట్లో రెండు మూడుకే తొడలు వణికేవి. రోజూ గుడ్డు, పప్పు, పాలు. అంబలి ఒక్కటే తాగితే కండ రాదని ఆ పిల్ల తేల్చి చెప్పింది.

సద్దుల బతుకమ్మకు నా భార్య పద్మాక్షి గుట్టకు పోతే, నేను వాకిట్లో కూర్చుని గునుగు కట్టలు కోసిచ్చినవాణ్నే. ఆ మాత్రం పనికే అలసిపోయాను, అయినా ఆకలేసింది.

ఇక ఇల్లు. నేను దవాఖానలో ఉండగానే కార్పొరేషన్ మనుషులు వచ్చి చూసిపోయారట. నేను లేచి తిరిగేటప్పుడు మళ్లీ వచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి వాడకుండా పక్కన పెట్టిన కూలర్ తలుపు తీసి, అడుగున నిలిచిన నీటి మీద టార్చి వేసింది. "రా సారూ, చూడు" అన్నది. నీటి పైపొర నుంచి సన్నని వెంట్రుక ముక్కల్లాంటివి తలకిందులుగా వేలాడుతున్నాయి. వెలుగు పడగానే గిలగిలా మెలికలు తిరుగుతూ అడుక్కు దిగాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే గాలి కోసం మళ్లీ పైకొచ్చింది. నీళ్లు మోరీలో పోయనివ్వలేదు ఆమె, ఎండిన నేల మీద పోయించింది. అవి దోమ పిల్లలు, తడి ఆరితే చస్తాయి. ఆమె చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా పట్టింది: ఈ దోమ గుడ్లు నీళ్లలో పెట్టదు, నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు తగిలితే పగిలి పిల్లలొస్తాయి. అందుకే ఉత్తగా ఒంపేస్తే సరిపోదు, గోలెమైనా డ్రమ్మైనా లోపలి గోడలు పీచుతో రుద్దాలి.

గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఇది వినగానే నాకు మా షెడ్యూళ్లు గుర్తొచ్చాయి. డిపోలో బండికి రోజు చూసే పని వేరు, వారానికి చూసే పని వేరు, నెలలకోసారి విప్పే పని వేరు. ఏ భాగం ఎన్నాళ్లకు చెడుతుందో తెలుసుకుని, అంతకంటే ముందే చెయ్యి పెట్టడమే ఆ లెక్క. దోమకు వారం పది రోజులు కావాలంటే మన వంతు వారం దాటకముందే రావాలి. కార్పొరేషన్ వాళ్లు 'ఫ్రైడే డ్రైడే', ప్రతి శుక్రవారం నిలిచిన నీళ్లు పారబోయండి అని ఎందుకు తిరుగుతున్నారో అప్పుడు అర్థమైంది. సాయంత్రం బండి పొగ కొడుతూ పోతే వీధంతా మెచ్చుకుంటుంది గానీ, ఆ పొగ ఎగిరే దోమనే కొడుతుంది, కూలర్లో ఉన్నదాన్ని ఏమీ చెయ్యదు.

కాగితం మీద పనులు రాసుకున్నాను. ఫ్రిజ్ వెనకాల నీళ్లు పడే ట్రే, పూలకుండీల కింది పళ్లాలు, సీసాలో పెట్టిన మనీప్లాంటు (దాన్ని మట్టిలోకి మార్చాం), డాబా మీద వానకు నిండే పాత రోలు. రోలును ఇద్దరు పిల్లలతో బోర్లా తిప్పించాం. ట్యాంకు ఒక్కటే చిక్కు. ఇనుప నిచ్చెన ఎక్కే వయసు కాదు. కింద పడి తుంటి విరిగితే డెంగ్యూయే నయమనిపిస్తుంది. ప్లంబింగ్ చేసే పిల్లగాణ్ని పిలిచి పగిలిన మూత మార్పించి, ఓవర్‌ఫ్లో పైపు మూతికి సన్న జాలి కట్టించాను. నెలకోసారి ఎక్కి చూసినందుకు వాడికి పైసలిస్తున్నాం. చెయ్యి అందని పనికి పైసలిచ్చుడే.

శుక్రవారం దగ్గర మాత్రం ఇంట్లో లొల్లి. "శుక్రారం నాడు ఇల్లు దులుపుడు, నీళ్లు పారబోసుడు నేను చెయ్య, చెయ్యనియ్య" అని నా భార్య తెగేసి చెప్పింది. మాది గురువారం అయింది.

పగటి దోమ కాబట్టి మధ్యాహ్నం కునుకు తీసినా దోమతెర వేసుకుంటున్నాను. డెంగ్యూ వైరస్ నాలుగు రకాలు, ఒకటి వచ్చిపోయినవాడికి ఇంకోటి వస్తే ముప్పు ఎక్కువ. నేను ఆ లెక్కలోకి వచ్చినవాణ్ని. మా ఇల్లు ఎంత రుద్దుకున్నా, వీధి మలుపులో పంక్చర్ షాపు ముందు టైర్ల గుట్ట ఉంది. టైర్ల సంగతి నాకు తెలుసు, ఎటు వంచినా కొంత నీరు లోపలే ఉండిపోతుంది. తూట్లు వెయ్యమని అడిగితే ఆ పిల్లగాడు నవ్వాడు: "కాకా, తూటు పడ్డ టైరు ఎవడు కొంటడే?" అదీ నిజమే. పైన కప్పడానికి నా దగ్గరున్న టార్పాలిన్ ఇచ్చాను. గాలికి లేస్తోందని మొన్న తాడు అడిగాడు, అదీ ఇచ్చాను.