మంచు కంటే ముందే ఉప్పు

బరంపురంలో పొద్దున్న చలి గట్టిగానే ఉంది. పాలవాడి దగ్గర్నుంచి అందరికీ మంకీ టోపీలే. మధ్యాహ్నం హుమా ఉప్పుకొఠార్ల వైపు పని పడితే వెళ్ళాను. మడుల గట్లు సరిచేస్తున్నారు. పోయినేటి ఉప్పు తాటాకుల కింద కుప్పలుగా ఉంది. వెంట వచ్చిన ఎదురింటి కుర్రాడు చదువుకని కెనడాలోని మాంట్రియల్ వెళ్తున్నాడు. "బాబాయ్, అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పే జల్లుతారటగా?" అని అడిగాడు. అక్కడ చలికాలం రోడ్ల పని చేసినవాణ్ణి కనక దారంతా అదే మాట. చెప్పింది చెప్పినట్టు రాసిపెడుతున్నాను.

అక్కడ జల్లేది గనుల్లో తవ్విన రాతి ఉప్పు. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలోనే మాగ్డలీన్ దీవుల్లో అలాంటి గని ఉంది. సరుకు మాత్రం అదే సోడియం క్లోరైడ్. పడ్డ మంచంతా ఉప్పుతోనే కరిగించాలంటే ఏ ఊరి ఖజానా చాలదు. మంచు తారుకి అంటుకోకుండా చూడటమే ఉప్పు అసలు పని. అంటుకోకపోతే తోసే బండి బ్లేడుకి మంచు శుభ్రంగా లేచొస్తుంది. బండ్ల చక్రాల కింద నలిగి గట్టిపడ్డాక జల్లితే ఉప్పు పైన చిల్లులు పెడుతుందే గాని అడుగు వదలదు. అందుకే వాన సూచన లేకపోతే మంచు మొదలవకముందే ఉప్పునీళ్ళు చారలు చారలుగా పోస్తారు. మొత్తం బరువులో ఉప్పు నూటికి 23 పాళ్ళు, అంటే లీటరు నీళ్ళకి 300 గ్రాముల ఉప్పు. పొడి ఉప్పయితే దాన్ని జల్లే చక్రం విసురుకి ఎగిరి కాలవ పక్కకి పోతుంది, కాస్త తడిపి జల్లితే పడ్డచోటే నిలుస్తుంది. నిలవ ఉంచేచోట మాత్రం తడి తగలకూడదు. గడ్డకట్టిందంటే బండి తొట్టిలో ఇరుక్కుని జల్లే చక్రానికి అందదు. ఆ రాత్రి సగం వీధులు ఖాళీగా మిగిలిపోతాయి.

చూడాల్సింది గాలి చలి కాదు, రోడ్డు చలి. మైనస్ 1 దగ్గర కిలో ఉప్పు 46 కిలోల మంచుగడ్డని కరిగిస్తుంది. మైనస్ 7కి వచ్చేసరికి ఎనిమిదిన్నర కిలోలు, మైనస్ 12లో 5 కిలోలు కూడా పూర్తిగా కరగదు. అక్కడికొచ్చాక ఉప్పు దండగ. కాల్షియం క్లోరైడ్ కలపాలి, లేదా జారకుండా చిన్న కంకర జల్లాలి. వంతెనల మీద కింద నుంచి కూడా గాలి తగులుతుంది, కాబట్టి ముందు గడ్డకట్టేది అవే.

మాంట్రియల్‌లో సుమారు 10 నుంచి 15 సెంటీమీటర్లు పేరుకుంటే పక్కకి తోసి వదిలేయరు, లారీలకెత్తి పట్టుకుపోతారు. కాలిబాటల మీది మంచుని చిన్న ట్రాక్టర్లు రోడ్డు మీదకి నెడతాయి, గ్రేడర్లు, అంటే పొడుగు బ్లేడున్న బండ్లు, దాన్ని వరసగా పోగుచేస్తాయి. వెనకే వచ్చే బ్లోయరు ఆ పోగుని మింగి పక్కన నడిచే లారీలోకి చిమ్ముతుంది. లారీ నిండగానే బ్లోయరు ఆగకుండా తర్వాతది వచ్చి చేరాలి. ఆ వరస తప్పితే వీధంతా నిలిచిపోతుంది. కొంత మంచు మురుగు కాలవల్లోకి, చాలావరకు ఫ్రాంకన్ అనే పాత రాళ్ళ క్వారీ లాంటి చోట్లకి పోతుంది. ఉప్పూ మట్టీ కలిసిన ఆ గుట్టలు ఎండాకాలంలోనూ కనిపిస్తాయి.

వీటన్నిటికీ అడ్డం వచ్చేది పార్కు చేసిన కారు. ఒక్కటి ఉన్నా బ్లోయరు చుట్టూ తిరగాలి, అక్కడి మంచు అక్కడే రాయవుతుంది. అందుకే ముందుగా నారింజ రంగు నో పార్కింగ్ బోర్డులు పెడతారు, మంచు ఎత్తేముందు, కార్లు లాక్కెళ్ళే టో బండి సైరన్ మోగిస్తుంది. కుర్రాడికి మరీమరీ చెప్పాను: సైరన్ వినపడితే చలి అనుకోకుండా దిగి బండి తియ్యి, లేకపోతే టో బండి లాక్కెళ్ళిన కారుని పక్క వీధుల్లో వెతుక్కోవాలి, జరిమానా కూడా కట్టాలి.