వృద్ధాశ్రమంలో కొత్తగా చేరితే టైమ్ ఎందుకు చాలదు: నా అనుభవం

కేర్ వర్కర్‌గా చేరిన కొత్తలో నాకు పని కంటే గడియారాన్ని చూస్తేనే ఎక్కువ టెన్షన్ వచ్చేది. పని ట్రైనింగ్‌లో నేర్పిస్తారు. పొద్దున్నే ఆరేడుగురిని లేపి, ముఖాలు కడిగించి, డైపర్లు మార్చి, స్నానాలు చేయించి, టిఫిన్ వేళకి అందరినీ హాల్లో కూర్చోబెట్టడం ఒక్క మనిషికి ఎలా కుదురుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. చేతులు వేగం పెంచితే సరిపోతుందనుకుంటాం కానీ, సీనియర్ అక్కలని గమనిస్తే వాళ్ళెవరూ పరుగులు పెట్టడం లేదు, అయినా నాకంటే ముందే పని ముగించేస్తున్నారు.

వాళ్ళని చూసి ముందు నేర్చుకున్నది షిఫ్ట్ మొదట్లో హ్యాండోవర్, అంటే ముందు షిఫ్ట్ వాళ్ళు పని అప్పగిస్తూ చెప్పే విషయాలు, చెవులు పెట్టి వినడం. జేబులో చిన్న కాగితం పెట్టుకుని, టైముకి కట్టుబడినవి మాత్రమే రాసుకుంటాను. మంచం మీద నుంచి లేవలేని వాళ్ళని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. థైరాయిడ్ మాత్ర ఉన్నవాళ్ళకి నర్సు వచ్చి మాత్ర ఇచ్చాక కాసేపటి వరకు టిఫిన్ పెట్టకూడదు. ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకున్న పెద్దాయనకి ఆ తర్వాత గంటలోపే బాత్రూమ్ అవసరం పడుతుంది, ఆయన బెల్ కొట్టేదాకా ఆగకుండా ముందే వెళ్తే మంచం దుప్పట్లు మార్చే పని తప్పుతుంది. ఇలాంటివి కాక మిగతావన్నీ అటూ ఇటూ జరపొచ్చు. స్నానం పది గంటలకైనా ఏం కాదు, పొద్దెక్కే దాకా పడుకునే అలవాటున్నావిడని మన రౌండ్ కోసం ఆరింటికే లేపితే ఆవిడకీ చిరాకు, మనకీ రెట్టింపు పని.

ఇంకోటి, గదిలోకి వెళ్ళే ముందే అన్నీ చేతిలో ఉండాలి. టవల్, డైపర్, గ్లౌజులు, క్రీమ్, మార్చే బట్టలు, చెత్త కవర్. సగం బట్టలు విప్పి ఉన్న మనిషిని వదిలేసి టవల్ కోసం స్టోర్ రూముకి పోలేం కదా. ఇద్దరు పట్టి లేపాల్సిన వాళ్ళుంటే తోటి వర్కర్‌తో పొద్దున్నే మాట్లాడుకుంటాను, "అక్కా, మీ గదులు అయ్యాక ఎనిమిదింటికి ఇటు రండి, తర్వాత నేను మీ వైపు వస్తా" అని. అలా అనుకోకపోతే ఒకరి కోసం ఒకరం వరండాలో వెతుక్కోవడంతోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

తొందరపడితే ఎక్కువ టైమ్ పట్టే పనులు కొన్ని ఉన్నాయి, కొత్తవాళ్ళు నమ్మరు కానీ నిజం. మా దగ్గర మతిమరుపు బాగా ముదిరిన ఒకావిడ ఉండేవారు. "లేవండమ్మా, స్నానం చేసి బట్టలు మార్చుకుని టిఫిన్‌కి వెళ్దాం" అని ఒక్క గుక్కలో చెప్తే చాలు, మంచం పక్క కడ్డీని రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుపోయేవారు, ఆ వేళ్ళు విడిపించడం ఎవరి తరం కాదు, విడిపించకూడదు కూడా. అదే ఆవిడ ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి, "కాళ్ళు కిందకి దించుదామా అమ్మా" అని ఒక్కటే అడిగి ఆగితే కాసేపటికి తనే దించేవారు. అప్పటికీ వద్దంటే వేరే గది చూసుకుని మళ్ళీ వచ్చేదాన్ని.

పక్షవాతం వచ్చిన తాతగారికి చొక్కా వేయడమూ అంతే. ముందు పడిపోయిన చెయ్యి, తర్వాత బాగున్న చెయ్యి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఈ వరస తెలియకపోతే ఆ చొక్కాతో కుస్తీ పట్టినట్టే ఉంటుంది, పైగా ఆయనకి భుజం నొప్పి. బాగున్న చెయ్యి ఆయన్నే దూర్చుకోమంటాను, మొదట్లో ఆలస్యం అవుతుంది, అలవాటు పడితే ఆ లోపల మనం దుప్పటి సర్దేయొచ్చు. పడుకున్న వాళ్ళని లేపగానే నిలబెట్టకూడదు, బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. మంచం అంచున ఒకట్రెండు నిమిషాలు కూర్చోబెట్టాలి. ఆ నిమిషాల్లోనే, పక్కనే ఉండి, తల దువ్వి చెప్పులు తొడిగేస్తాను.

బెల్ మోగితే "వస్తున్నా" అని అరిచి ఊరుకుంటే మళ్ళీ మోగుతుంది. "ఈవిడకి బట్టలు వేసి వస్తా తాతగారూ" అని చెప్పి, చెప్పినట్టే వెళ్తే ఆగుతారు. ఎవరైనా పడిపోయినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ఈ లెక్కలేవీ లేవు, మన చేతిలో ఉన్న మనిషిని భద్రంగా కూర్చోబెట్టి పరుగెత్తాల్సిందే.

చార్టులు గది దాటగానే రాసేయాలి. షిఫ్ట్ చివర రాద్దామంటే ఎవరు ఎన్ని నీళ్ళు తాగారో, ఎవరిని ఎటు తిప్పామో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చేయని పనికి ముందే టిక్ పెట్టేసే వాళ్ళని చూశాను, నాకది అస్సలు నచ్చదు.

స్టాఫ్ తక్కువైన రోజు ఏ చిట్కా పనిచేయదు, ఇద్దరి పని ఒక్కరు చేయలేరు. అలాంటప్పుడు చివరిదాకా నెట్టుకురాకుండా పొద్దున్నే నర్సుకి చెప్పి, ఎవరి స్నానం వాయిదా వేసి తడిబట్టతో తుడవొచ్చో అడుగుతాను. పక్కకి తిప్పడం, నీళ్ళు తాగించడం, శుభ్రం చేయడం మాత్రం వాయిదా వేయను. మిగిలిపోయిన పని తర్వాతి షిఫ్ట్ వాళ్ళకి కారణంతో సహా చెప్తాను: "ఆవిడ స్నానం మిగిలింది, సాయంత్రమైతే ఆవిడకి కంగారు ఎక్కువవుతుంది, ఇవాళ్టికి వదిలేయండి, రేపు పొద్దున్న నేను చేయిస్తా" అని.