పద్నాలుగేళ్ల గేమ్ లెక్క

డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ నిన్న రాత్రి పూర్తి చేశాను. 1997లో ప్రకటించి 2011లో విడుదల చేసిన గేమ్ ఇది. ఆడుతున్నంతసేపూ నా బుర్రలో ఒకటే ప్రశ్న: ఇన్నేళ్ల ఖర్చు వెనక్కి వచ్చుంటుందా?

నేనూ మూడేళ్లు ఒక చిన్న గేమ్ టీమ్‌లో పనిచేశాను, అందుకే ఆ టెన్షన్ తెలుసు. గేమ్ ఖర్చంటే ఎక్కువగా మనుషుల జీతాలే. ఆరు నెలలు వాయిదా పడితే ఆరు నెలల జీతాలు అదనం. పైగా ఆలస్యమయ్యే కొద్దీ గ్రాఫిక్స్ పాతబడతాయి, చేసిన పనే మళ్లీ చేయాలి. డ్యూక్ వాళ్లు క్వేక్ 2 ఇంజిన్‌తో (ఇంజిన్ అంటే గేమ్‌కి పునాదిగా ఉండే సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టి 1998లోనే అన్‌రియల్ ఇంజిన్‌కి మారారు. మేమైతే ఒకే లెవెల్‌ని నాలుగుసార్లు కట్టాం (నాలుగోదీ బాగా రాలేదు, అది వేరే సంగతి). అమ్ముడైన ప్రతి కాపీలో స్టీమ్ (గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) వాటా మామూలుగా 30 శాతం. రీఫండ్లు, డిస్కౌంట్లు కూడా పోయాక మిగిలేది చూస్తే నీరసం వస్తుంది.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్ తయారవడానికీ నాలుగేళ్లు దాటింది. 2016లో వచ్చి కోట్ల కాపీలు అమ్ముడైంది. కానీ దాన్ని చేసింది ఒక్కడే, నెలనెలా జీతాలిచ్చే బాధ లేదు.

మా గేమ్ ఖర్చు ఇంకా రాలేదు. నిన్న మాత్రం ఎవరో ఒక కాపీ కొన్నారు.