అంపైర్స్ కాల్‌ను తిట్టే ముందు

విశాఖ మధురవాడ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉందంటే చాలు, ఈ గొడవ మళ్లీ మొదలవుతుంది. ఎల్బీడబ్ల్యూ (స్టంప్స్‌కు తగలాల్సిన బంతికి బ్యాటర్ కాలు అడ్డుపడటం) మీద రివ్యూ, అంటే టీవీలో మళ్లీ చూడమని అడగడం, జరుగుతుంది. పెద్ద తెర మీద బంతి లెగ్ స్టంప్ అంచును తాకుతూ కనపడుతుంది, కింద ‘అంపైర్స్ కాల్’ అని, అంటే అంపైర్ ముందు చెప్పిందే నిలుస్తుందని, వస్తుంది. గ్యాలరీ మొత్తం ఒకటే కేకలు: "తగిలింది కదా, ఔట్ ఎందుకివ్వరు?"

స్టంప్స్‌కు తగిలిందని ఎవరూ చూడలేదండీ. ప్యాడ్‌కి తగిలాక ఆ బంతి ప్రయాణం అయిపోయింది. మిగతాది కంప్యూటర్ లెక్కగట్టిన దారి. బంతి పిచ్ పడిన (నేలను తాకిన) చోటుకీ ప్యాడ్‌కీ మధ్య దూరం ఎంత తక్కువైతే, ఆ లెక్కకు ఆధారం అంత తక్కువ. బ్యాటర్ కాళ్ల దగ్గరే పడే యార్కర్ లాంటి బంతికి చేతిలో ఉండేది చాలా కొంచెం. అందుకే అంపైర్ ఇచ్చిన నాటౌట్‌ను మార్చాలంటే బంతిలో సగం, అంటే మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు, స్టంప్స్ మీదకు రావాలి. అంతకన్నా తక్కువ తాకితే మైదానంలో ఇచ్చిన తీర్పే నిలుస్తుంది, అడిగిన జట్టుకు రివ్యూ మాత్రం పోదు. బంతి ఎక్కడ పిచ్ పడిందో కెమెరాకు నేరుగా దొరుకుతుంది కాబట్టి అక్కడ అంపైర్స్ కాల్ ఉండదు.

ద్వైపాక్షిక సిరీస్‌లలో ఏళ్లతరబడి డీఆర్ఎస్ (ఈ రివ్యూ పద్ధతి) వద్దన్న మన క్రికెట్ బోర్డు బీసీసీఐ, 2016లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు ప్రయోగంగా ఒప్పుకుంది. మన విశాఖ తొలి టెస్టు ఆ సిరీస్‌లోదే.

నాకు బాధ కలిగించేది టీవీ తీరు. స్టంప్‌కు తాకే ఆ ఒక్క బొమ్మను ఆపి పదిసార్లు తిప్పుతారు. బంతి పిచ్ పడ్డాక ప్యాడ్ దాకా ఎంత దూరం వెళ్లిందో మాత్రం చెప్పరు. ఆ దూరాన్ని అంకెల్లో తెర మీద వేస్తే, అంపైర్ మీద పడే సగం తిట్లు ఆగిపోతాయి.