పదమూడు కిలోమీటర్లు చేతిలో పట్టుకున్న సీసా

మార్చిలో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో హాఫ్ మారథాన్ పరిగెత్తాను. 21.0975 కిలోమీటర్లు, 2 గంటల 31 నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఆగస్టు, పిల్లలకు సెలవులు, నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర మా ఊళ్లో నాయన ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పరుగు సంగతి చెప్పగానే నాయన అడిగింది ఒక్కటే. "ఇరవై ఒక్క కిలోమీటర్లంటే ఏడికెళ్లి ఏడిదాకా బిడ్డా?" నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ దాకా ఇంచుమించు అంత అన్నాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నాయనకు 68 ఏళ్లు. నలభై అయిదుకే నడుం వంగిపోయింది, మెడ ఇటు తిప్పాలంటే ఒళ్లంతా ఇటు తిప్పాలి. ఈ చుట్టుపక్కల వాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్. గ్రానైటు రాళ్లలోంచి నీళ్లలోకి దిగుతుంది, రంగూ వాసనా ఉండదు, నీళ్లు తేటగానే కనిపిస్తాయి, ఇరవై ముప్పై ఏళ్లలో ఎముకల్ని పట్టేసుకుంటుంది. నాకు పళ్లతోనే పోయింది, గార పళ్లు. నవ్వితే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం పోతుంది, చిన్నప్పటి అలవాటు. ఇంగ్లండ్‌లో మా పాప ఆరేళ్లప్పుడు ఒకసారి "మమ్మీ, నువ్వు సరిగ్గా బ్రష్ చేసుకోవా?" అని అడిగింది. దాని తప్పేం లేదు, స్కూల్లో నేర్పింది అదే కదా. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు, మాట మార్చేశాను. ఎందుకు మార్చానా అని చాలా రోజులు బాధపడ్డాను.

బయటి దేశాల్లో పిల్లల్ని పెంచేవాళ్లం ఊరి గురించి చెప్పేటప్పుడు రెండే దారులు పడతాం. ఒకటి పండుగలు, పట్టు లంగాలు, పెళ్లిళ్లు. రెండోది, అన్నం వదిలేసినప్పుడు "మేం ఎంత కష్టపడ్డామో తెలుసా" అని గట్టిగా చెప్పడం. నాకు ఈ రెండోది అస్సలు ఇష్టం లేదు. మా నాయన నడుమును పిల్లల్ని దారిలో పెట్టే బెత్తంలా వాడటం నాకు చేతకాదు. అందుకని ఏమీ చెప్పకుండానే ఏళ్లు గడిచిపోయాయి.

పరుగు మొదలైంది పాప వల్లే. అక్కడ పార్క్‌రన్ అని ఉంటుంది, 2004లో లండన్ బుషీ పార్కులో మొదలైంది, శనివారం పొద్దున 5 కిలోమీటర్లు, ఎవరైనా రావచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. ఆదివారాలు 4 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2 కిలోమీటర్లు. పాప ఉరుకుతుంటే నేను చలిలో టీ కప్పు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. అది ఒకరోజు "నువ్వెప్పుడూ ఉరకలేదా, చిన్నప్పుడు కూడా?" అంది. మా నానమ్మ ఉరకనిచ్చేది కాదు. "ఉరుకకే, కాళ్లిరుగుతయ్" అని అరిచేది. ఆడపిల్లనని ఆపుతుందని కోపం వచ్చేది నాకు. మా వాడలో వంకర కాళ్లతో, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ నడిచే పిల్లలు నలుగురైదుగురు ఉండేవాళ్లు, ఆమె భయం అదని నేను తల్లినయ్యాకే అర్థమైంది. తర్వాతి వారమే బూట్లు కొన్నాను. తొమ్మిది వారాల్లో 5 కిలోమీటర్లు పరిగెత్తించే ప్రోగ్రాం ఒకటి ఉంది, నాకు పద్నాలుగు వారాలు పట్టింది.

లిస్బన్ ఎందుకంటే, లండన్ నుంచి మూడు గంటల లోపు ప్రయాణం, టైం తేడా లేదు, శుక్రవారం స్కూలయ్యాక బయల్దేరి ఆదివారం రాత్రికి వచ్చేయొచ్చు. పిల్లలవి బ్రిటిష్ పాస్‌పోర్టులు, వాళ్లకు వీసా అక్కర్లేదు. మావి ఇండియన్ పాస్‌పోర్టులు, నాకూ మా ఆయనకూ షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. వీసా అపాయింట్‌మెంట్ స్లాటు కోసం ఆరు వారాలు అర్ధరాత్రి లేచి చూసుకున్నాం, ఆ టెన్షన్ పరుగు ప్రాక్టీసు కంటే ఎక్కువ. రెండు పాస్‌పోర్టుల రంగూ ముదురు నీలమే. కానీ ఎయిర్‌పోర్టులో హోటల్ కాగితం, తిరుగు టికెట్టు మా ఇద్దరినే అడిగారు. "మనం నలుగురం ఒకటే కదా, నిన్నెందుకు అడిగాడు?" అన్నాడు ఎనిమిదేళ్ల బాబు. ఆ ప్రశ్నకు దొంగ జవాబు చెప్పొద్దు. నువ్వు ఎక్కడ పుట్టావు, నేను ఎక్కడ పుట్టాను అన్నదాన్ని బట్టి కొన్ని గేట్లు తెరుచుకుంటాయి నాన్నా, అది మన మంచితనం బట్టి కాదు అని చెప్పాను. వాడికి ఎంత అర్థమైందో.

పిల్లలతో పరుగుకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. శనివారం, పరుగులో చొక్కాకు పెట్టుకునే నంబర్ తెచ్చుకోవడం అయిపోగానే ఊరు చూద్దామని పిల్లలు లాగుతారు, లిస్బన్ అంతా ఎత్తులూ పల్లాలూ, నా కాళ్లు సగం అక్కడే అయిపోయాయి. ఆ పూట వాళ్లను తండ్రితో పంపేయండి. రాత్రికి అన్నం, పెసరపప్పు, అమ్మ పంపిన కందిపొడి. కొత్త తిండి ఏదైనా పరుగు అయ్యాకే.

పొద్దున్నే రైలెక్కి నదికి అవతల ప్రగాల్ స్టేషన్లో దిగాను. అక్కడి నుంచి తేజో నది మీది పెద్ద బ్రిడ్జి దాటాలి. దాని పేరు ఏప్రిల్ 25 బ్రిడ్జి, 1974లో ఆ తేదీన నియంతృత్వం కూలిపోయిందని పెట్టుకున్న పేరు. నీళ్లకు 70 మీటర్ల ఎత్తున ఉరుకుతుంటే కింద నది సముద్రంలా ఉంది, చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకెళ్తే నాగార్జునసాగర్ కట్ట మీద నిలబడి చూసింది గుర్తొచ్చింది. సాగర్ మా జిల్లాలోనే ఉంది. మా ఊళ్లు ఎత్తు మీద ఉండటంతో ఆ నీళ్లు మాకు రాలేదు. 1996లో ఆ నీళ్ల కోసమే నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది పోటీ చేశారు. "అది ఓటు కాగితం కాదు బిడ్డా, పుస్తకం" అంటాడు నాయన ఇప్పటికీ.

బ్రిడ్జి దిగాక, ఎనిమిదో కిలోమీటరు దగ్గర కావచ్చు, నీళ్ల సీసా ఇచ్చారు. రెండు గుక్కలు తాగాను. చుట్టూ అందరూ ఒక్క గుక్క తాగి రోడ్డు పక్కకు విసిరేస్తున్నారు, మూతలు తీసేసిన సీసాల్లోంచి నీళ్లు కాలువ కట్టి పారుతున్నాయి, బూట్ల కింద సీసాలు టపటపా పగులుతున్నాయి. వాళ్లను తప్పు పట్టడం లేదు, పరుగులో అది మామూలే, తర్వాత ఏరేస్తారు కూడా. నాకు మాత్రం చెయ్యి రాలేదు. నాయన సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని, ఫ్లోరైడ్ తక్కువున్న బావి అని ఎవరో చెబితే ఆరు కిలోమీటర్లు పోయి తెచ్చేవాడు, నడుం అప్పటికే పట్టేస్తున్నా కూడా. ఆ సీసాను పదమూడు కిలోమీటర్లు చేతిలోనే పట్టుకుని ఉరికాను. వేళ్లు తిమ్మిరెక్కితే రెండో చేతికి మార్చుకున్నాను.

బెలెంలో జెరోనిమోస్ మఠం ముందు పరుగు అయిపోయింది. బాబు మెడల్ కంటే ముందు సీసానే చూశాడు. "ఇది ఎందుకు తెచ్చావు?" గడ్డిలో కూలబడి, బూట్లు విప్పుతూ, సైకిలు సంగతి, క్యాన్ల సంగతి, నా పళ్ల సంగతి అక్కడే చెప్పాను. ఇన్నేళ్లు దాచిపెట్టినది పది నిమిషాల్లో అయిపోయింది. వాడు ఏమీ అనకుండా సీసా మూత తీసి మిగిలిన నీళ్లన్నీ తాగేశాడు.

పాప ఇంటికొచ్చాక నెట్‌లో వెతికింది. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నల్లగొండ టెక్నిక్ అంటారని, నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసిందని, ఆఫ్రికాలో కూడా వాడారని చదివి వినిపించింది. కెన్యా, ఇథియోపియాల్లోని రిఫ్ట్ లోయలో కూడా ఇదే ఫ్లోరైడ్ ఉందట. ప్రపంచంలో గొప్ప రన్నర్లు పుట్టే నేల అది. "అమ్మమ్మ వాళ్ల ఊరు సైన్సులో ఉంది" అని నన్ను గట్టిగా పట్టుకుంది. ఫినిష్ లైన్ దగ్గర తీసిన ఫోటో చూపించి "ఇందులో నీ చెయ్యి అడ్డం లేదు మమ్మీ" అన్నది కూడా అదే. నేను గమనించనేలేదు.

నిన్న సాయంత్రం బాబు ఆ మెడల్ తెచ్చి నాయన మెడలో వేశాడు. నడుం వంగి ఉంటాడు కాబట్టి అది ఛాతీ మీద ఆనలేదు, గాల్లో వేలాడుతూ అటూ ఇటూ ఊగింది. వాడు కిందికి వంగి, తల పైకెత్తి, దాన్ని రెండు వేళ్లతో ఆపి అక్షరాలు చదివి వినిపించాడు. ఇప్పుడు ఇంట్లో నల్లా ఉంది, మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు వస్తున్నాయి. నాయన వాణ్ణి అడిగాడు, "ఆడ నీళ్లెట్లుంటయ్ కొడుకా, తియ్యగుంటయా?"

వాడు నావైపు చూశాడు, తెలుగు మాట కోసం. తర్వాత వాడే చెప్పాడు. "తియ్యగానే ఉన్నయ్ తాతా. నేను మొత్తం తాగిన."